తాడులో వదులు

భువనగిరి,
ఆగస్టు 4

ఒసే ధాత్రీ,

నిన్న ఫోన్ల అరగంట మాట్లాడినవు. అండ్ల నాకు పనికొచ్చే మాట ఒక్కటే. డిసెంబర్ల పురూలియా దగ్గర జయచండి కొండ మీద మీ కొండలెక్కే క్లబ్బోళ్లు నీకు ముందుతాడు ఇస్తమన్నరు. మిగతాదంత నీ ఆఫీసు గోల, కోల్‌కతా ఉక్కపోత, మీ ఆయన వండిన బెండకాయ కూర.

ముందుతాడు అంటే ఏందో నీకు ఎవరన్న సక్కగ చెప్పిన్రా? క్లబ్బు గోడ మీద తాడు పైనున్న కడియంల నుంచి దిగి వస్తది. చెయ్యి జారితే ఉన్నకాడనే ఉయ్యాల ఊగుతవు. కొండ మీద ముందు పొయ్యేదానికి పైన తాడుండదు. నువ్వే కింది నుంచి తీస్కపోవాలె, ఒక్కో మేకుకు తగిలించుకుంట. జారితే ఆ కింది మేకు దాటి ఇంకా కిందికి పోతవు. పైగా నీ వెనక నీ తాడునే నమ్ముకొని ఇంకో మనిషి ఎక్కుతది. నీ బలం నీకు తప్పు తెలిస్తే ఇద్దరు పోతరు.

మనం ఇంటర్ల ఉన్నప్పుడు గుట్ట మీద ఎగిరినమంటే అది వేరే. నేను ఇప్పుడు ఆ గుట్ట కిందనే నిలబడి పిల్లలకు నేర్పుకుంట బతుకుతున్న. నువ్వేమో పెండ్లి చేసుకొని కుర్చీల కూసున్నవు. అయినా అడిగినవు కాబట్టి తాలీం నేనే ఇస్త. తలుపు మీద ఒక చెక్క కొట్టించు, రోజు విడిచి రోజు వేళ్లతోని వేలాడు. నొప్పి పుడితే దిగు, మంట పుడితే ఆ వారం చెక్క ముట్టకు. శనివారం గోడ. మర్నాడు ఏం చెయ్యకు. పండుకునుడు గూడ తాలీమే.

ఇంకో షరతు. ఫోన్ వద్దు. ఫోన్ల ఏదడిగినా ‘సూపర్’ అంటవు. గోడ దిగి ఇంటికి పొయ్యిన సాయంత్రమే కాగితం మీద చేత్తోని రాయి. రేపు రాస్త, ఎల్లుండి రాస్త అంటే నేను చదవ. ఎందుకో తర్వాత చెప్త.

శ్రీవల్లి


న్యూ టౌన్, కోల్‌కతా,
ఆగస్టు 24, శనివారం సాయంత్రం

వల్లీ,

నువ్వు చెప్పినట్టే చేస్తున్నా చూడు. ఇంటికి వచ్చి మొహం కూడా కడుక్కోలేదు, నేరుగా బల్ల ముందు కూర్చున్నా. మామయ్య టీ పెడుతున్నారు.

మామయ్య గురించి నీకు పెళ్లిలో చూసిన మీసాలు తప్ప ఏమీ తెలియదు కదా! పేరు రామలింగేశ్వరరావు. పుట్టిందీ పెరిగిందీ కోల్‌కతా పక్కన లిలువాలోనే, రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యారు. వాళ్ల తాతలు పలాస వైపు నుంచి వచ్చారట, ఇప్పటికీ ‘ఏటి’ అనే అంటారు. అత్తయ్య పోయాక మా ఫ్లాట్‌కి వచ్చేశారు. ఇక్కడ లిఫ్టులో కూడా ఎవరూ పలకరించరు. అందుకే నేను శనివారం భవానీపూర్ క్లబ్బుకి బయల్దేరితే ‘నేనూ వస్తానమ్మా, జదుబాబు బజార్లో చేపలు చూసినట్టుంటాది’ అని చొక్కా తొడుక్కుంటారు.

ఒకరోజు కింద నిలబడి నా తాడు పట్టే మనిషి రాలేదు. మా సెక్రటరీ సుబ్రతోదా మామయ్యకి తాడు బిగించే బిళ్ల చూపించి, ‘టైట్ రాఖ్‌బేన్ రావుదా’ అన్నాడు, బిగించి ఉంచండి అని. అంతే! ఆ రోజు నుంచి నా తాడు ఆయనదే. ఇంకెవరినీ ముట్టుకోనివ్వరు. క్లబ్బంతా రావుదా, రావుదా అని వెంటపడుతోంది. ఆయన నవ్వడం నేను ఇంతకుముందు చూడలేదు వల్లీ, నిజం.

ఇక అసలు సంగతి. గోడ మధ్యలో పొట్టలాగా ముందుకు ఉబ్బిన చోటొకటి ఉంది. దాని కిందే వేలాడి వేలాడి దిగిపోయేదాన్ని. ఇవాళ దాటేశా! చేతులు కూడా పెద్దగా అలసిపోలేదు. నీ తాలీం మహత్యమే ఇది. తొడల దగ్గర మాత్రం బెల్టు ఒరుసుకుని నల్లగా కమిలింది, కొత్త బెల్టు కొనాలేమో. మా ఆయన హరిచరణ్ చూసి ‘ఎవరు కొట్టారు?’ అని ఒకటే వేళాకోళం.

డిసెంబర్ దాకా ఆగలేను పో!

నీ ధాత్రి


భువనగిరి,
సెప్టెంబర్ 2

ధాత్రీ,

నీ ఉత్తరం మొదటిసారి సంతోషంగ చదివిన. రెండోసారి కోపమొచ్చింది.

మూడు వారాలల్ల ఆ పొట్ట దాటినవా? ఎట్ల? కండ పెరగాల్నంటే నెలలు పడ్తది. వేళ్ల నరాలు గట్టిపడాల్నంటే ఏడాది. నేను చెప్పిన తాలీం నాకు తెల్వదా, అది ఎంతల పనిజేస్తదో? మా దగ్గర రోజూ గుట్ట ఎక్కే పోరగాండ్లకు రాని బలం, ఏసీల కూసుండి కీబోర్డు కొట్టేదానికి ఎక్కడికెళ్లి వచ్చింది? ఏమన్న గోలీలు మింగుతున్నవా? నిజం చెప్పు.

ఉత్తరం ఆ సాయంత్రమే ఎందుకు రాయమన్ననో ఇప్పుడు చెప్త. నిజంగ గోడ ఎక్కి దిగినదానికి ముంజేతులు బిగుసుకపోయి రాయైతయి. గ్లాసు పట్టుకుంటే నీళ్లు ఒలుకుతయి. గుండీ పెట్టుకోరాదు. పెన్ను పడితే అక్షరాలు కప్పలు దుంకినట్టు పోతయి. మా పిల్లలతోని రాయించుకొని చూస్త నేను. ఎవడు ఒళ్లు దాచుకున్నడో చేతిరాతనే చెప్తది.

నీ ఉత్తరం చూస్తే పెండ్లి పత్రిక లెక్కున్నది. ఒక్క ‘క’కారం తలకట్టు గూడ వంకర పోలే. గోడ ఎక్కి వచ్చి రాసిన చెయ్యి కాదది. మర్నాడు రాసి శనివారం అని పెట్టినవు. కాదంటే అసలు ఆ రోజు గోడనే ఎక్కలే.

ఒక వీడియో పంపు. చూస్త.

శ్రీవల్లి


న్యూ టౌన్,
సెప్టెంబర్ 21, శనివారం

శ్రీవల్లి గారికి,

గారు అనే రాస్తున్నా. ఇంత అనుమానం ఉన్న మనిషిని ‘ఒసే’ అని పిలవబుద్ధి కావడం లేదు.

వీడియో రాదు. ఎవరైనా తాడు మీద ఉన్నంతసేపు అందరి ఫోన్లూ పెట్టెలో పెట్టాలి, అది మా క్లబ్బు నియమం. అదీ నేను కల్పించాను అనుకుంటావు కాబోలు, అనుకో! గోళీలు మింగుతున్నానట! పొద్దున ఇడ్లీ, రాత్రి రొట్టె, శనివారం మామయ్య చేసే పార్శె చేపల పులుసు. ఇదీ నేను మింగేది.

ఈ ఉత్తరం కూడా గోడ దిగి వచ్చి గంట కాలేదు, రాస్తున్నా. చేతిరాత బాగుంటే అది నా తప్పా? నా చేతులు అలసిపోకపోతే సంతోషించాల్సింది పోయి దొంగని చేస్తావా? ఇవాళ పొట్ట దాటి గోడ పైదాకా వెళ్లి గంట కొట్టి వచ్చాను. చూసినవాళ్లంతా చప్పట్లు కొట్టారు. సుబ్రతోదా అందరి ముందూ చెప్పాడు, జయచండిలో పెద్ద బండకి ముందుతాడు ధాత్రిదే అని. నా వెనక మిఠూ ఎక్కుతుంది. కాలేజీ పిల్ల, ఈ జూన్‌లోనే చేరింది. వాళ్లమ్మ వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని ‘నీ మీద భరోసా’ అంది. ఆవిడకున్న నమ్మకం నీకు లేకపోయింది.

నాకొకటి తోస్తోంది, చెప్పేస్తున్నా. నీ భుజం జారినప్పటి నుంచి నువ్వు కిందే నిలబడి ఎక్కేవాళ్ల తప్పులు వెతుకుతున్నావు. నేను పైకి పోతుంటే ఓర్చుకోలేకపోతున్నావు. కుళ్లు అంటారు దాన్ని.

ధాత్రి

(బెల్టు మార్చాను. ఐనా తొడలు కములుతూనే ఉన్నాయి. దీనికి కూడా గోళీలే కారణమా?)


భువనగిరి,
అక్టోబర్ 1

ధాత్రీ,

కుళ్లు అన్నవు. ఉన్నది. భుజం పోయినంక రోజూ పొద్దుగాల గుట్టకు వీపు పెట్టి నిలబడ్త. అది నా బాధ. దాన్ని పక్కకు పెట్టి చెప్తున్న, విను.

ఆఖర్న బ్రాకెట్ల రాసిన ముక్క లేకుంటే నీకు మళ్ల ఉత్తరం రాయకపోదును. చేతులు అలసిపోతలేవు. తొడలు మాత్రం కమిలిపోతున్నయి. అంటే నీ బరువు నీ చేతులు మోస్తలేవు, బెల్టు మోస్తున్నది. బెల్టును మోసేది తాడు. ఆ తాడు ఎవరి చేతిల ఉన్నది?

ఎవ్వరికీ చెప్పకు. వచ్చే శనివారం పొట్ట కిందికి పొయ్యినంక ఒక్కసారి నీ బొడ్డు దగ్గర తాడు చూడు. అది కొంచెం వంగి వేలాడాలె. వీణ తీగ లెక్క నిటారుగ ఉంటే నా అనుమానం నిజం. ఆ తర్వాత రెండు చేతులు, రెండు కాళ్లు ఒక్కసారే గోడ మీంచి తియ్యి. వదులు తాడైతే దబ్బున కిందికి జారి ఆగుతవు. జారకపోతే నువ్వు ఇన్ని రోజులు గోడ ఎక్కలే. నిన్ను ఎక్కించిన్రు.

ఇంకో మాట అడుగుత, మళ్ల గారు అని పిలిచినా సరే. కోడలు కొండలెక్కుడు మీ మామయ్యకు నిజంగ ఇష్టమేనా? మీ ఆయనకు ఇష్టమేనా? గోడ మీద గెలిపించి, కొండ మీద ఒక్కసారి భయపడితే ఇంట్లనే ఉంటదిలే అని ఎవరన్న అనుకున్నరేమో. నాకు ఎవ్వరి మీద నమ్మకం లేదు.

శ్రీవల్లి


న్యూ టౌన్,
అక్టోబర్ 19, శనివారం

వల్లీ,

దుర్గా పూజలకి క్లబ్బు మూసేశారు, మా గోడ ముందే పందిరి వేశారు. వెదుళ్లు కట్టేవాళ్లని చూస్తూ మామయ్య అక్కడే గంటలకొద్దీ నిలబడ్డారు. ఇవాళే మళ్లీ తెరిచారు.

నువ్వు చెప్పినట్టు చేశాను. పొట్ట కింద ఆగి చూశాను. తాడు నిటారుగా ఉంది. కిందికి చూస్తే మామయ్య కుర్చీలో కూర్చున్నట్టు వెనక్కి వాలి, ఒంటి బరువంతా తాడు మీద వేసి నిలబడి ఉన్నారు. కళ్లు మూసుకుని చేతులూ కాళ్లూ వదిలేశాను.

జానెడు కూడా జారలేదే! ఉట్టిలో కుండలాగా ఉన్నచోటే ఉండిపోయాను. కింద నుంచి మామయ్య ‘ఏటీ పరవాలేదమ్మా, నేనున్నాను’ అని కేక వేశారు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాల్సి వచ్చింది. నాకు ఏడుపొచ్చింది వల్లీ, గోడ వైపు మొహం తిప్పుకుని ఏడ్చాను.

తర్వాత మామయ్యని చేపల బజారుకి పంపించి, మిఠూకి తాడిచ్చి మళ్లీ ఎక్కాను. వదులుగా పట్టుకోమన్నాను. పొట్ట దాకా వెళ్లాను, దాటలేకపోయాను. రెండుసార్లు పడ్డాను. మిఠూ మొహం చూడలేకపోయాను. డిసెంబర్‌లో నా తాడు మీద వచ్చేది అదే కదా.

ఈ అక్షరాలు చూడు. ఇప్పుడు నీకు సంతోషమే కదా, కప్పలే దుంకుతున్నాయి.

ఇంట్లో ఏదో జరుగుతోంది. నెల కిందట నేను స్నానం చేస్తుంటే హరిచరణ్ బయట మామయ్యతో ‘నాన్నా, దాన్ని పడనివ్వకు, ఎలాగైనా సరే’ అనడం విన్నాను. అప్పుడు ముద్దుగా అనిపించింది. ఇప్పుడు ఆ ‘ఎలాగైనా సరే’ చెవిలో గుచ్చుకుంటోంది. ఇద్దరూ కలిసి ఆడుతున్నారా? ఇవాళ భోజనాల దగ్గర ఇద్దరి మొహాలూ చూస్తూ కూర్చున్నాను. మామయ్య చేప ముల్లు తీసి నా కంచంలో వేశారు. ఆ ముక్క తినలేకపోయాను.

ఎవరికీ చెప్పలేదు. చెప్తే నవ్వులపాలు.

ధాత్రి


భువనగిరి,
అక్టోబర్ 28

ఒసే ధాత్రీ,

నాకు సంతోషమేం లేదు. నా మాట నిజం కావద్దని మొక్కుకున్నది మొదటిసారి ఇదే.

ఇగ దాచకు. నవ్వులపాలైతే ఐనవు, ఆ మిఠూ పిల్లకు ఏమన్నైతే వాళ్లమ్మకు ఏం జవాబు చెప్తవు? సుబ్రతోదాకు చెప్పి పెద్ద బండ మీద ముందుతాడు వద్దను. అది మొదటి పని.

రెండోది, మీ మామయ్యను మొహం మీద అడుగు. కంచం ముందు కూసుండి గూఢచారి లెక్క చూస్తే ఏం తెలుస్తది? అడిగినప్పుడు ఆయన ముందుగాల ఏమన్నడో, ఎట్ల చూసిండో అక్షరం పోకుండ రాయి. ముందుగాల అనే మాటనే నిజం ఉంటది, ఆ తర్వాతియి అన్నీ సర్దుబాట్లు.

మూడో మాట. ఆయనను కొండకు తీస్కపోకు. ముందుతాడు కింద నిలబడినాయన అడుగడుగుకు తాడు వదులుకుంట పోవాలె. ఆయన చెయ్యి అలవాటుగ బిగించిందనుకో, పైకి పొయ్యేదానివి రాయి మీంచి ఊడి కింద పడ్తవు. కావాలని చేసినా, తెల్వక చేసినా పడుడు ఒక్కటే.

శ్రీవల్లి


న్యూ టౌన్,
నవంబర్ 23, శనివారం

వల్లీ,

అడగడానికి ఇన్నాళ్లు పట్టింది. ఇవాళ పొద్దున మామయ్య బాల్కనీలో చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. నేను వెళ్లి ఎదురుగా కూర్చున్నాను. నేను నోరు తెరవకముందే ఆయనే అన్నారు: ‘ఏటమ్మా, పూజల కాడ నుంచి నన్ను అలగ సూస్తన్నావు? నేనేదైనా తప్పు సేసేనా?’

అడిగేశాను. ‘మామయ్యా, గోడ మీద నన్ను మీరు పైకి లాగుతున్నారా?’

ఆయన ముందుగా ఏమన్నారో అక్షరం పోకుండా రాయమన్నావు. ఇదిగో: ‘లాగకపోతే ఎలగమ్మా? మరి తాడు పట్టుకోడం ఎందుకు?’

ఆయన మొహంలో దొంగతనం లేదు వల్లీ. నేను మతిలేని ప్రశ్న అడిగినట్టు చూశారు. లిలువా షాపులో ఆయన కళాసీ మేస్త్రీ. క్రేను కొక్కేనికి తాళ్లు కట్టి రైలు పెట్టెల్ని ఎత్తించే పని. అక్కడ మొదట నేర్పేది ఒకటేనట, తాడులో ఢీల్ ఉండకూడదు. ఢీల్ అంటే వదులు. వదులు తీసేసి, తాడు మీద బరువు పడిందని చేతికి తెలిశాకే ఎత్తాలి. వదులుగా ఉంచి ఎత్తితే ఒక్క కుదుపుకే తాడు తెగుతుంది. జీవితమంతా ఆ పని చేసిన మనిషికి సుబ్రతోదా ‘టైట్ రాఖ్‌బేన్’ అని చెప్పి వెళ్లిపోయాడు. ఎక్కేది నేనే, తాడు ఉన్నది నేను పడితే ఆపడానికి మాత్రమే అని ఆయనకి ఎవరు చెప్పారు? నేను చెప్పానా? ఆయనకి అది ఇద్దరం కలిసి చేసే పని. నన్ను పైకి చేర్చిన ప్రతి శనివారం పార్శె చేపలు కొన్నది అందుకే!

నేను విడమరిచి చెప్పాక ఆయన చేతిలో చిక్కుడుకాయ పక్కన పెట్టేశారు. ‘అయితే ఆ సప్పట్లన్నీ నాయేనా అమ్మా?’ అన్నారు. నవ్వడానికి అన్నారు కానీ కళ్లు తుడుచుకున్నారు. తర్వాత ఇంకొకటి అన్నారు, అది నీకు చెప్పాలి. ‘కానీ నువ్వు బలపడ్డావమ్మా. ఆగస్టులో బియ్యం బస్తాలాగ ఉండేదానివి. ఈమధ్య నా సేతికి సగం బరువే తగుల్తంది. నేను లాగేది తగ్గిపోతంది. నా సేతికి తెలదేటి?’

హరిచరణ్‌ని కూడా అడిగాను. తనకి ఎత్తు చూస్తేనే కళ్లు తిరుగుతాయి, నాకు దెబ్బ తగులుతుందని భయపడ్డాడు, అంతే. కుట్రా లేదు, పాడూ లేదు. ఇన్ని వారాలు ఇద్దరినీ శత్రువుల్లా చూశాను. నాకు సిగ్గేసింది.

సుబ్రతోదాకి చెప్పేశాను. కొత్తవాళ్లకి మూడు వారాలు నేర్పాకే తాడు ఇవ్వాలట, నేర్పకుండా మామయ్యకి ఇచ్చినందుకు అతను తల పట్టుకున్నాడు. పెద్ద బండకి వేరేవాళ్లు ముందు వెళ్తారు, మిఠూ వాళ్ల తాడు మీద ఎక్కుతుంది. నాకు అక్కడే పక్కన చిన్న బండ, అదీ అక్కడికి వెళ్లాక నా చెయ్యి చూసి ఇస్తాడట. మామయ్య తాడు ముట్టనన్నారు. నేనే బతిమాలాను. ఇప్పుడు రోజూ హరిచరణ్ నడుముకి తాడు కట్టుకుని మా అపార్ట్‌మెంట్ మెట్లెక్కుతాడు, మామయ్య కింద నిలబడి తాడు వదులుతారు. ఎక్కడ బిగిసినా హరిచరణ్ ‘ఆఁ!’ అని అరుస్తాడు. నాలుగో అంతస్తు బెంగాలీ ఆవిడ తలుపు తీసి ‘కీ హొచ్ఛే మేశోమొశాయ్?’ అంటూ ఏం జరుగుతోందని భయంగా అడిగింది. ‘టేనింగమ్మా’ అన్నారు మామయ్య.

వల్లీ, ఆయన్నే తీసుకెళ్తాను. తిట్టుకో.

ధాత్రి


భువనగిరి,
డిసెంబర్ 2

ధాత్రీ,

తిట్టుకుంటనే ఉన్న.

మెట్ల మీద హరిచరణ్‌కు తాడు వదులుడు వేరు. రాయి మీద నువ్వు కాళ్లు వణుక్కుంట నిలబడ్డప్పుడు వదులుడు వేరు. భయమైతే మనిషి చెయ్యి పాత పనే చేస్తది. ఆయన మంచోడే, ఒప్పుకుంట. మంచోళ్ల చేతులే ఎక్కువ బిగిస్తయి. వెనక ఇంకొకరు తాడు కొస పట్టుకోకుంట నువ్వు నేల విడిచినవని తెలిస్తే నీ మొహం చూడ.

ఆయన చేతికి సగం బరువే తగులుతున్నదన్న మాట ఒక్కటి మాత్రం నమ్మిన. అది తక్కెడ లెక్క చెప్పిన మాట.

మిగతాది నమ్మ. నీ ‘సూపర్’ నాకు వద్దు, ఫోటోలు వద్దు. కొండ దిగిన సాయంత్రమే ఉత్తరం రాయి. చేతిరాత చూసి నేను చెప్త, నువ్వు ఎక్కినవో, ఎక్కించిన్రో.

శ్రీవల్లి


జయచండి కొండ కింద, గుడారం,
డిసెంబర్ 22, ఆదివారం సాయంత్రం

అమ్మా శ్రీవల్లీ,

రాత మారిపోయిందేటని కంగారు పడకు. ధాత్రి బాగుంది. నేను తన మామయ్యని. తను చెప్తానంటే నేను రాయడానికి కూర్చున్నాను, చెప్తా చెప్తా నిద్రపోయింది. అంచేత ఇంక నాకు తోచిందే రాస్తన్నాను. తెలుగు రాసి చాలా కాలమైంది, తప్పులుంటే నవ్వుకో.

తనే రాయాలని పెన్ను పట్టింది. వేళ్లు మడత పడలేదు. రెండుసార్లు కింద పడేసింది. టీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుంటే సగం శాలువా మీదే ఒలికిపోయింది. జడ కూడా మిఠూయే వేసింది.

సుబ్రతోబాబు పొద్దున తన చెయ్యి చూసి చిన్న బండకి ముందుతాడు ఇచ్చాడు. నేను పట్టనన్నాను తల్లీ. నువ్వు రాసిన ఉత్తరం ధాత్రి నాకు చదివి వినిపించింది. మంచోళ్ల చేతులే ఎక్కువ బిగిస్తాయన్నావు, అది నిజం. కానీ తను అందరి ముందూ తాడు తెచ్చి నా చేతిలో పెట్టింది. నా వెనక సుబ్రతోబాబు కొస పట్టుకున్నాడు, అది నీకు తప్పకుండా రాయమంది.

రెండు మేకులు దాటింది. మూడోది తగిలించింది. దాని పైన చెయ్యి పెట్టడానికి రాయి తడుముకుంటంది, దొరకడం లేదు. కాలు కుట్టుమిషనులాగ వణుకుతంది. నా చేతులు బిగించమన్నాయి. అలగ ఎప్పుడూ అడగలేదమ్మా నా చేతులు నన్ను. బిగిస్తే తను ఊడిపోతాదని తెలుసు. నోట్లోనే ఢీల్, ఢీల్ అనుకుంటా తాడు వదిలేను. నా పిల్ల అక్కడ వణుకుతంటే నేను కింద నిలబడి వదిలేను. అంతకంటే కష్టమైన పని నేను చేయలేదు.

పడింది. అరుపు విన్నాను, తాడు ఒక్క గుంజు గుంజింది, అప్పుడు పట్టేను. మేకు కింద ఆగి వేలాడింది. మోకాలు గీరుకుంది, నెత్తురొచ్చింది. ‘దించేస్తానమ్మా’ అన్నాను. ‘వద్దు మామయ్యా’ అంది. కాసేపు ఊపిరి తీసుకుని, మళ్లీ రాయి పట్టుకుని ఎక్కింది. ఈసారి ఆ చోటు దాటింది. పైకెళ్లి కూర్చుంది.

పైనుంచి కేకేసింది, ‘మామయ్యా, ఈసారి ఎంత బరువున్నాను?’

‘ఏటీ లేదమ్మా, నా చేతిలో బరువే లేదు’ అన్నాను. ఇద్దరమూ ఏడ్చేము. ఇక్కడివాళ్లకి తెలుగు రాదు కాబట్టి ఏటో అనుకున్నారు.

నీ భుజం గురించి ధాత్రి చెప్పింది. ఒకసారి కోల్‌కతా రామ్మా, పార్శె పులుసు తిందువుగాని. గోడ ఎక్కుతానంటే నీ తాడు నేను పడతాను, ఎంత వదులు కావాలో నువ్వే చెప్పు.

ఇప్పుడే లేచింది. సంతకం తనే చేస్తానని పెన్ను లాక్కుంది. కింద ఉన్న గీతలు ధాత్రి అని చదువుకో. అవి ఆ చేతివే, నా ఎదురుగా పెట్టినవే. ఇంక అనుమానపడకు.

రామలింగేశ్వరరావు

ధా... త్... రి